కింద 280, మేడ మీద 94: ఏ కేబుల్ కొనాలి?

సముద్రపుగాలి (కాకినాడ)
శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. కేబుల్ కొనే ముందు ఒకసారి తెలిసినవాళ్లను అడుగుదామని రాస్తున్నాను.

అమ్మావాళ్ల ఇంట్లో ఉంటూ వర్క్ ఫ్రం హోమ్ చేస్తున్నాను. మాది కింద ఒకటి, మేడ మీద ఒకటి వాటాల ఇల్లు. ఫైబర్ కనెక్షన్ కింద హాల్లోకి వచ్చింది. టీవీ పక్కన తెల్ల డబ్బా బిగించారు, దాన్ని ఓఎన్‌టీ అంటారట. ప్లాన్ 300 ఎంబీపీఎస్. హాల్లో కూర్చుని వైఫైలో స్పీడ్ టెస్ట్ పెడితే 280 దాకా చూపిస్తోంది. నా గది మేడ మీద. స్లాబ్ దాటి వైఫై అక్కడికి సరిగ్గా ఎక్కదు, మీటింగుల్లో మాట తెగిపోతోంది.

ఇల్లు కట్టేటప్పుడే నాన్నగారు ముందుచూపుతో హాల్ నుంచి నా గదికి గోడలోంచి ఒక లాన్ వైరు వేయించారు. రెండు చివర్లా గోడ సాకెట్లున్నాయి. మొన్న ఒక రౌటర్ కొని మేడ మీద పెట్టి, ఆ వైరుతో ఓఎన్‌టీకి కలిపాను. నెట్ వచ్చింది. కానీ స్పీడ్ 94. పొద్దున చూసినా అర్ధరాత్రి చూసినా 93 లేదా 94, అంతకు మించి రాదు.

కంప్యూటర్ షాపులో అడిగితే "కేబుల్ పాతదయ్యుంటుంది, క్యాట్ 8 తీసుకోండి" అని 10 మీటర్లకు 1,400 రూపాయలు చెప్పారు. అది కొంటే మేడ మీద 300 వస్తుందా? ఇంట్లో సొరుగు నిండా వైర్లున్నాయి. వాటిలో ఏది దేనికో నాకు తెలియదు. పనికొచ్చేది అందులోనే ఉంటే కొత్తది కొనడం ఎందుకని కూడా అనిపిస్తోంది.


ఓరుగల్లు_వాసి (వరంగల్)
శనివారం, ఉదయం 10:31

మీ కనెక్షన్ ఇచ్చినవాళ్లకు కంప్లైంట్ పెట్టండి. 300 అని డబ్బులు తీసుకుని 100 ఇస్తున్నట్టున్నారు.


సముద్రపుగాలి
శనివారం, ఉదయం 10:40

కింద 280 వస్తోంది కదండీ. మేడ మీదే సమస్య.


వైరుమనిషి (విజయవాడ)
శనివారం, ఉదయం 11:26

అమ్మా, ముందు ఆ క్యాట్ 8 సంగతి పక్కన పెట్టండి. డబ్బులు ఖర్చు పెట్టకండి. పద్దెనిమిదేళ్లుగా ఇళ్లకూ ఆఫీసులకూ నెట్‌వర్క్ వైరింగ్ చేస్తున్నాను. 94 అన్న అంకె కనిపిస్తే నేను ఇక వైరు రకం అడగను, లోపల ఎన్ని తీగలు తగిలి ఉన్నాయని అడుగుతాను.

ఎందుకో చెప్తాను. లాన్ వైరు లోపల ఎనిమిది తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు చేస్తారు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100 ఎంబీపీఎస్ లింకుకు అందులో రెండు జతలు చాలు. క్లిప్పులో 1, 2, 3, 6 పిన్నులు మాత్రమే పని చేస్తాయి. గిగాబిట్ లింకుకు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, నాలుగు జతలూ కావాలి. ఎనిమిదిలో ఒక్క తీగ తెగినా, సరిగ్గా కూర్చోకపోయినా గిగాబిట్ నిలబడదు. అప్పుడు పరికరాలు చాలాసార్లు నెట్ ఆపేయకుండా 100కి దిగిపోయి పని చేస్తాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ 100లో ప్యాకెట్ల హెడర్లకు కొంత పోతుంది, స్పీడ్ టెస్టుకు మిగిలేది 94, 95.

కేబుల్ నాసిరకమైనా, సిగ్నల్ బలహీనమైనా అంకె ఊగుతుంది. ఒకసారి 60, ఒకసారి 140. మీది గీత గీసినట్టు 94 దగ్గరే ఆగుతోంది, కాబట్టి ఎక్కడో రెండు జతలే తగులుతున్నాయి, లేదా ఏదో ఒక పోర్టే 100 పోర్టు.

రెండు పనులు చేయండి. మొదటిది, రౌటర్ పేజీలో వాన్ పోర్టు (ఓఎన్‌టీ నుంచి వచ్చే వైరు పెట్టేది) లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. రెండోది, ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి, విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరవండి. లింక్ స్పీడ్ అని ఉంటుంది. 100/100 అనో 1000/1000 అనో రాస్తుంది. ఓఎన్‌టీకీ రౌటర్‌కూ గిగాబిట్ పోర్టులే ఉన్నాయా అన్నది కూడా వాటి కింద స్టిక్కర్ మీదో, వెనక పోర్టుల పక్కనో చూడండి.


పాలమూరు_పిల్లోడు (మహబూబ్‌నగర్)
శనివారం, మధ్యాహ్నం 12:05

అన్నా, మధ్యలో నాదొక డౌటు. హాస్టల్‌లో నా ల్యాప్‌టాప్‌నూ ఫ్రెండ్ పీసీనీ నేరుగా వైరుతో కలిపి ఫైళ్లు పంపుకోవాలి. దానికి క్రాసోవర్ కేబుల్ వేరేగా చేయించాలని మా సీనియర్ అన్నాడు. నిజమేనా?


వైరుమనిషి
శనివారం, మధ్యాహ్నం 12:20

ఒకప్పుడు నిజమే తమ్ముడూ. తీగల రంగుల వరుసకు 'ఏ', 'బీ' అని రెండు పద్ధతులున్నాయి, ఒక చివర 'ఏ', రెండో చివర 'బీ' పెట్టి చేసేవాళ్లం. ఇప్పుడు వచ్చే గిగాబిట్ పోర్టులు పంపే జత ఏది, అందుకునే జత ఏది అన్నది వాటంతట అవే సర్దుకుంటాయి. మామూలు లాన్ వైరు పెట్టేయ్. రెండు పక్కలా ఒకే నెట్‌వర్క్‌లోని ఐపీ అడ్రసులు ఇచ్చుకుంటే సరి.


సముద్రపుగాలి
శనివారం, మధ్యాహ్నం 2:48

మీరు చెప్పినట్టే చూశాను. ల్యాప్‌టాప్ నుంచి మేడ మీది రౌటర్‌కు 1000/1000 ఉంది. రౌటర్ పేజీలో వాన్ దగ్గర మాత్రం 100 అని ఉంది. ఓఎన్‌టీ వెనక నాలుగు పోర్టులున్నాయి, ఒకదాని పక్కన జీఈ (గిగాబిట్) అని, మిగతా మూడింటి పక్కన ఎఫ్‌ఈ (100 రకం) అని రాసి ఉంది. నా వైరు జీఈ దాంట్లోనే ఉంది.

సొరుగులో ఉన్నవి కూడా రాస్తున్నాను, ఎవరైనా గుర్తుపట్టగలరేమో.

ఒకటి, బూడిద రంగు, పట్టీలా పలచగా ఉంటుంది. రెండు చివర్లా చిన్న క్లిప్పులు. ఓఎన్‌టీ పోర్టులో పెట్టబోతే వదులుగా దూరింది, భయమేసి తీసేశాను.
రెండు, పసుపు రంగు, మీటరు పొడవు, రౌటర్ డబ్బాలో వచ్చింది. ఇప్పుడు ఓఎన్‌టీ నుంచి గోడ సాకెట్‌కు అదే పెట్టాను.
మూడు, నల్లగా లావుగా, చివర మరలా తిప్పే కనెక్టర్, మధ్యలో సూదిలాంటి రాగి తీగ.
నాలుగు, ఇది కూడా పసుపే, కానీ చాలా సన్నం. రెండు చివర్లా చదరంగా ఆకుపచ్చ తలలు.
ఐదు, నీలం రంగు పొడవు వైరు, మీద సన్న అక్షరాల్లో క్యాట్ 5ఇ అని ఉంది.
ఆరు, ఒక చివర చదరం క్లిప్పు, రెండో చివర యూఎస్‌బీ. పాత ప్రింటర్‌దని నాన్నగారు అన్నారు.


సీతమ్మధార (విశాఖపట్నం)
శనివారం, సాయంత్రం 5:15

అమ్మా, నేను టెలికాం శాఖలో లైన్ల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. నీ సొరుగులో నా ఉద్యోగ జీవితమంతా ఉంది.

మొదటిది టెలిఫోన్ వైరు. దాని క్లిప్పు పేరు ఆర్‌జే 11. వెడల్పు తక్కువ, లోపల బంగారు రంగు పిన్నులు రెండో నాలుగో ఉంటాయి. లాన్ క్లిప్పు ఆర్‌జే 45, దానికి ఎనిమిది పిన్నులు. చిన్నది పెద్ద పోర్టులో దూరుతుంది, అక్కడే వస్తుంది చిక్కు. పోర్టులో రెండు అంచుల పిన్నులను చిన్న క్లిప్పు తాలూకు ప్లాస్టిక్ అంచు నొక్కేస్తుంది. అవి వంగితే ఆ తరవాత అసలు లాన్ వైరు పెట్టినా ఆ చివరి పిన్నులు తగలవు. నువ్వు వెంటనే తీసేయడం మంచిదైంది. టార్చి వేసి చూడు, ఎనిమిదీ ఒకే వరుసలో ఉంటే భయం లేదు.

మూడోది కోయాక్సియల్ కేబుల్, ఆర్‌జీ 6. డిష్‌కూ కేబుల్ టీవీకీ వాడేది. నీ పనికి రాదు.

నాలుగోది జాగ్రత్త. అది వైరు కాదు, గాజు. ఫైబర్ ప్యాచ్ కార్డ్. ఆకుపచ్చ తల అంటే ఎస్‌సీ ఏపీసీ, లోపలి గాజు కొనను 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీస్తారు, వెలుగు వెనక్కి తిరిగి రాకుండా. నీలం తలది యూపీసీ, అది దాదాపు చదునుగా ఉంటుంది. ఈ రెండూ ఒకే సాకెట్‌లో దూరుతాయి కానీ కొనలు సరిగ్గా అతకవు, వెలుగు నష్టపోతుంది, ఓఎన్‌టీ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆకుపచ్చకు ఆకుపచ్చే. ఫైబర్‌ను చిన్న చుట్టగా వంచకూడదు, కొనను వేలితో ముట్టకూడదు. గోడలోంచి వచ్చే ఫైబర్ కొనలోకి కంటితో ఎప్పుడూ చూడకు. అందులో వచ్చే లేజర్ మన కంటికి కనపడదు, కాబట్టి రెప్ప కూడా పడదు. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకూ చెప్పు.

ఆరోది ప్రింటర్ యూఎస్‌బీ. అందులో చదరపు మూతి చూసి లాన్ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. పిన్నులు లెక్కపెడితే తెలిసిపోతుంది.

రెండు, ఐదు మాత్రమే లాన్ వైర్లు. ఐదోదాన్ని పారేయకు.


ఓరుగల్లు_వాసి
శనివారం, సాయంత్రం 5:50

క్యాట్ 5ఇ పాతది కదా సార్. కనీసం క్యాట్ 6 అయినా కావాలేమో. నేను మా ఇంటికి ఆన్‌లైన్‌లో క్యాట్ 7 ఫ్లాట్ కేబుల్ తెప్పించాను, బాగానే పని చేస్తోంది.


వైరుమనిషి
శనివారం, రాత్రి 9:34

పని ముగించుకుని ఇప్పుడే వచ్చాను. ఈ క్యాటగిరీల గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే షాపుల్లో మనవాళ్లు ఎక్కువగా డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే.

క్యాట్ 5ఇ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ పద్ధతిని తయారు చేసిందే పాత 5ఇ వైర్ల మీద నడవడానికి. క్యాట్ 6 కూడా గిగాబిట్ 100 మీటర్లే, కానీ 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా మోయగలదు. 10 గిగాబిట్ 100 మీటర్లు కావాలంటే 6ఏ. ఇంట్లో హాల్ నుంచి మేడకు 15, 20 మీటర్లు ఉంటుంది. 300 ప్లాన్‌కు 5ఇ సరిపోదు అనేవాళ్లు వైరు అమ్మేవాళ్లే.

కొత్తగా గోడలో వేయించేవాళ్లకైతే నేను క్యాట్ 6 వేయమంటాను. ధర తేడా కొంచెమే, గోడ మళ్లీ పగలగొట్టలేం కదా. క్యాట్ 8 ఇంటికి చేసింది కాదు. సర్వర్ గదుల్లో 30 మీటర్ల లోపు, 25, 40 గిగాబిట్ కోసం చేసింది. దాన్ని 1 గిగాబిట్ పోర్టులో పెడితే 1 గిగాబిటే వస్తుంది. ఇక క్యాట్ 7కు అసలు కనెక్టర్లే వేరు, ఆర్‌జే 45 కాదు. ఆర్‌జే 45 క్లిప్పుతో పట్టీలా పలచగా అమ్మే "క్యాట్ 7" మీద రాసిన అంకెకూ లోపలి సరుకుకూ సంబంధం ఉంటుందన్న భరోసా లేదు. ఓరుగల్లు గారూ, మీది పని చేస్తోందంటే సంతోషం, వాడుకోండి. గదిలో నేల మీద రెండు మూడు మీటర్లు పరచడానికి ఫ్లాట్ వైరు ఫర్వాలేదు. గోడలోకి మాత్రం వద్దు.

అంకె కంటే ముందు అడగాల్సింది వేరే ఉంది: లోపల రాగా, రాగి పూసిన అల్యూమినియమా? దాన్ని సీసీఏ అంటారు. మన బజార్లో చవగ్గా దొరికే క్యాట్ 6లో ఇది చాలా ఉంది. కట్టు చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. ఒక తీగ కొన తీసుకుని బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, వెండిలా తెల్లగా మెరిస్తే సీసీఏ. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే. రెండు మూడుసార్లు వంచితే తెగుతుంది. సాకెట్‌లో గుచ్చిన చోట కొన్నాళ్లకు వదులవుతుంది. కెమెరాకు ఇదే వైరులో కరెంటు పంపితే వేడెక్కుతుంది. ప్రమాణాల ప్రకారం క్యాట్ 5ఇ, క్యాట్ 6 అని పిలవాలంటే లోపల రాగే ఉండాలి.

వైరు తొడుగు మీద అచ్చు చదవడం అలవాటు చేసుకోండి. క్యాటగిరీ, 4 పెయిర్, 23 లేదా 24 ఏడబ్ల్యూజీ, యూటీపీ అని వరుసగా ఉంటాయి, ప్రతి మీటరుకూ పొడవు అంకె కూడా పడుతుంది. ఏడబ్ల్యూజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుంది. అచ్చు లేని వైరు నేను కొనను. పూర్తి పెట్టె 305 మీటర్లు వస్తుంది, మీకు అంత అక్కర్లేదు, మీటర్ల లెక్కన కోసి ఇస్తారు.

మీ విషయంలో ఇవేవీ కారణం కాదు. గోడ సాకెట్లు విప్పి చూస్తే గానీ తేలదు.


డాలస్_తెలుగు (టెక్సస్)
ఆదివారం, ఉదయం 7:20

వైరుమనిషి గారు చెప్పింది అక్షరాలా నిజం. నా అనుభవం ఒకటి రాస్తాను. ఇక్కడ మేం కొన్న ఇల్లు పాతది. ప్రతి గదిలోనూ టెలిఫోన్ సాకెట్. లాన్ లేదనుకుని రెండేళ్లు వైఫై ఎక్స్‌టెండర్లతో అవస్థ పడ్డాం. ఒకరోజు సాకెట్ ప్లేటు విప్పితే వెనక నీలం వైరు, మీద క్యాట్ 5ఇ అని అచ్చు! ఫోన్ కోసం అందులో ఒక్క జతే కలిపి, మిగతా మూడు జతలు చుట్టి లోపలికి తోసేశారు. అదృష్టం కొద్దీ ప్రతి గది వైరూ గరాజ్‌లో ఒకే పెట్టెలోకి విడివిడిగా వచ్చింది. గది నుంచి గదికి గొలుసులా వెళ్లుంటే కుదిరేది కాదు. రెండు చివర్లా కొత్త జాక్‌లు గుచ్చుకుంటే అన్ని గదుల్లోనూ గిగాబిట్.

ఇక్కడ చాలా ఇళ్లలో గోడల్లో కోయాక్స్ కూడా ఉంటుంది. మోకా అడాప్టర్లు రెండు కొని దాని మీద నెట్ నడిపేవాళ్లున్నారు. మన దగ్గర ఆ పరికరాలు అంతగా కనిపించవు, కాబట్టి ఆ నల్ల వైరు మీద ఆశ పెట్టుకోకండి.

సాకెట్ విప్పేటప్పుడు పక్కన కరెంటు ప్లగ్గు అదే పెట్టెలో ఉంటే ముందు మెయిన్ ఆపండి.


సముద్రపుగాలి
ఆదివారం, మధ్యాహ్నం 12:55

మెయిన్ ఆపి, నాన్నగారు పక్కన నిలబడగా మేడ మీది సాకెట్ విప్పాను. జాక్ వెనక నాలుగు తీగలే ఉన్నాయి! నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమ తీగలు పక్కనుంచి వేరే వైరుకు మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయి. అది ఎటు వెళ్తోందా అని చూస్తే, గేటు కెమెరా బెల్లు రెండో స్క్రీన్‌కు. కింద హాల్లో ఒకటి, మేడ మీద వరండాలో ఒకటి ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు బెల్లు బిగించిన మనిషి విడిగా వైరు లాగకుండా లాన్ వైరులో సగం వాడేసుకున్నాడు. నాన్నగారికి కూడా ఇన్నేళ్లూ తెలియదు. చాలా బాధపడ్డారు, "ఎనిమిది తీగలకూ డబ్బులిచ్చాను కదమ్మా" అన్నారు.

ఆ స్క్రీన్ తీసేయడం కుదరదు. మధ్యాహ్నం పూట అమ్మ మేడ మీదే ఉంటుంది, బట్టలారేయడం, వడియాలు పెట్టడం అన్నీ అక్కడే. గేటు దగ్గర ఎవరున్నారో అందులోనే చూస్తుంది. మోకాళ్ల నొప్పులు, మాటిమాటికీ మెట్లు దిగలేదు.

వైరు మీద క్యాట్ 6 అని అచ్చు ఉంది. తీగ గీకితే లోపల ఎర్రగానే ఉంది.


వైరుమనిషి
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇది నేను వారానికి ఒకటైనా చూస్తాను. ఒకే వైరులో రెండు నెట్ కనెక్షన్లు చీల్చేవాళ్లూ ఉన్నారు. 100 ప్లాన్లు ఉన్నన్నాళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు. నాన్నగారికి చెప్పండి, ఆయన వేయించిన సరుకు మంచిదే. గోడలో అసలు రాగి క్యాట్ 6 ఉంది, అంతకంటే కావాల్సింది లేదు.

బెల్లు స్క్రీన్‌కు విడిగా 4 కోర్ వైరు లాగించండి. బాల్కనీ పక్కనుంచి పైపులోనో, మెట్ల గోడ వెంట పీవీసీ పట్టీలోనో తీసుకుపోవచ్చు. అది తక్కువ వోల్టేజీ వైరే అయినా 230 వోల్టుల వైర్లున్న పైపులో దూర్చనివ్వకండి. లాన్ వైరైనా అంతే. ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే మీ రౌటర్ మీదికీ చేతి మీదికీ కరెంటు వస్తుంది.

అది లాగాక, ఆ నాలుగు తీగలనూ బెల్లు వైరు నుంచి రెండు చివర్లా పూర్తిగా విడదీసి, తరవాతే జాక్‌లో గుచ్చాలి. ముందే గుచ్చితే బెల్లు 12 వోల్టులు రౌటర్ పోర్టులోకి పోతాయి. ఈ వరుస తప్పకండి.

జాక్ మీద ఏ, బీ అని రెండు రంగుల వరుసలు అచ్చు వేసి ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా బీ వాడతారు: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఇది పిన్నుల క్రమం. జాక్ మీది గళ్లు వేరే క్రమంలో ఉండొచ్చు, కాబట్టి దాని మీది రంగులనే అనుసరించండి. ఇప్పుడున్న నాలుగు తీగలు ఏ వరుసలో ఉన్నాయో చూసి, రెండు చివర్లా అదే కొనసాగించండి. జత మెలికను అరంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక మాట. ఆకుపచ్చ జత 3, 6 పిన్నుల మీద పడడం చూసి, "పక్కపక్కనే పెడితే పోదా" అని కొందరు రంగుల వారీగా వరుసగా కొట్టేస్తారు. చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. అయినా ఒకే జతలో పోవాల్సిన సిగ్నల్ రెండు వేర్వేరు జతల తీగల్లో పోయి, ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లో కలుస్తుంది. స్పీడ్ పడిపోతుంది, తప్పు ఎక్కడుందో దొరకదు.


నల్లమల_వాన (కర్నూలు)
ఆదివారం, సాయంత్రం 6:10

ఇదే వరుసలో నా ప్రశ్న కూడా అడగొచ్చా? మా ఇంటి ఎదురు స్థలంలో గొడ్లపాక ఉంది. అక్కడ ఐపీ కెమెరా పెట్టి ఇంట్లోకి వైరు లాగాలి. దూరం 60 మీటర్లు, బయట గాల్లోనే. షాపువాళ్లు 3+1 వైరు వేయమంటున్నారు. కోతుల బెడద కూడా ఉంది, కిందటేడు డిష్ వైరు కొరికి పడేశాయి.


వైరుమనిషి
ఆదివారం, రాత్రి 8:02

3+1 పాత రకం అనలాగ్ కెమెరాలకు, వాటి రికార్డర్ డీవీఆర్‌కు. అందులో వీడియోకు ఒక కోయాక్స్, కరెంటుకూ ఆడియోకూ మూడు తీగలు. ఐపీ కెమెరాకు అది సరిపడదు. క్యాట్ 6 అసలు రాగి, నల్ల తొడుగుతో బయట వాడేది అని అడిగి తీసుకోండి. లోపల వాడే బూడిద, నీలం తొడుగు ఎండకు రెండు మూడేళ్లలో బీటలు తీస్తుంది. పీఓఈ స్విచ్ పెడితే అదే వైరులో కెమెరాకు కరెంటు కూడా పోతుంది, మామూలు రకం పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరాకు చాలు. కోతులకు మాత్రం గట్టి పైపులో నేలలో పాతడమే మందు.


సీతమ్మధార
ఆదివారం, రాత్రి 9:11

నల్లమల గారూ, పిడుగుల సంగతి కూడా ఆలోచించండి. రెండు కట్టడాల మధ్య రాగి వైరు గాల్లో వేలాడితే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ తాకిడి వైరు వెంట ఇంట్లో రౌటర్ దాకా వస్తుంది. ఉద్యోగంలో ఉండగా వానాకాలం వస్తే కాలిపోయిన కార్డులు మార్చడమే పని. వీలైతే పాకకు ఫైబర్ లాగి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను లాన్ వైరుకు కలిపే చిన్న డబ్బా) పెట్టండి. గాజులో కరెంటు పారదు. పాకలో కరెంటు ఎలాగూ ఉంటుంది కాబట్టి కెమెరాకు అక్కడే ఇవ్వొచ్చు. ఖర్చు కొంత ఎక్కువ, కానీ ఒక్క పిడుగుకు పోయే సామాను కంటే తక్కువే.


సముద్రపుగాలి
బుధవారం, సాయంత్రం 7:25

ఇవాళ ఎలక్ట్రీషియన్ వచ్చి బెల్లు స్క్రీన్‌కు మెట్ల గోడ వెంట వేరే వైరు లాగాడు. పాత కలయిక రెండు చివర్లా విప్పించి, ఎనిమిది తీగలూ బీ వరుసలో కొత్త జాక్‌లలో గుచ్చించాను. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా వెలిగాయి.

కానీ స్పీడ్ ఇంకా 94! రౌటర్ పేజీలోనూ 100 అనే ఉంది. ఏం మిగిలిందో అర్థం కావడం లేదు. అనవసరంగా ఖర్చు పెట్టించానేమో అని నాన్నగారి ముందు టెన్షన్‌గా ఉంది.


వైరుమనిషి
బుధవారం, సాయంత్రం 7:41

టెన్షన్ వద్దమ్మా. గోడ వైరు బాగుంది, ఇక మిగిలింది చివరి ముక్కలు. ఓఎన్‌టీ నుంచి సాకెట్‌కు ఏ వైరు పెట్టారు? ఆ డబ్బాలో వచ్చిన పసుపుదేనా? దాని క్లిప్పు పారదర్శకంగా ఉంటుంది, వెలుతురులో పెట్టి లోపల ఎన్ని రంగులు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి.


సముద్రపుగాలి
బుధవారం, రాత్రి 8:06

నాలుగే! అందులో కూడా నాలుగు తీగలే ఉన్నాయి. మిగతా నాలుగు గాడులు ఖాళీ.

సొరుగులో ఉన్న నీలం 5ఇ తీసి పెట్టాను. దాంట్లో ఎనిమిది ఉన్నాయి. పెట్టిన వెంటనే రౌటర్ పేజీలో 1000 అని వచ్చింది. స్పీడ్ టెస్ట్ 291, మళ్లీ పెడితే 294. నాన్నగారిని పిలిచి చూపించాను. ఆయన టీవీ ఆపి మరీ మేడ ఎక్కి వచ్చారు.


వైరుమనిషి
బుధవారం, రాత్రి 8:15

చాలా సంతోషం. కొన్ని డబ్బాల్లో ఇలా నాలుగు తీగల ముక్క ఇస్తారు. దాన్ని పారేయకండి, టీవీకి పనికొస్తుంది. చాలా స్మార్ట్ టీవీల్లో లాన్ పోర్టు 100 రకమే, కాబట్టి అక్కడ ఎలాగూ రెండు జతలే నడుస్తాయి. ఓఎన్‌టీలో ఎఫ్‌ఈ అన్న పోర్టుకు కలపండి. టీవీలో 94 చూపిస్తే మళ్లీ కంగారు పడకండి. 4కే సినిమాకు అది చాలు.


పాలమూరు_పిల్లోడు
బుధవారం, రాత్రి 10:30

అన్నా, ఇది చదివి మా హాస్టల్ గది వైరు క్లిప్పు చూశాను. ఎనిమిది ఉన్నాయి, కానీ గోధుమ తీగ లోపలి దాకా వెళ్లలేదు, క్లిప్పు మధ్యలోనే ఆగింది. రేపు కోసి మళ్లీ క్రింప్ చేయిస్తాను.


సముద్రపుగాలి
గురువారం, ఉదయం 9:02

పొద్దున మీటింగ్ గంటసేపు ఎక్కడా తెగలేదు. సీతమ్మధార గారూ, ఫైబర్ ప్యాచ్ కార్డ్ రెండు తలలకూ మూతలు పెట్టి, మెల్లగా పెద్ద చుట్టగా చుట్టి విడిగా పెట్టాను. టార్చి వేసి చూస్తే ఓఎన్‌టీ పోర్టులో పిన్నులన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. బూడిద రంగు ఫోన్ వైరును ఎదురింటి తాతగారికి ఇచ్చాను, వాళ్లింట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. ఆయన వైరే ఎలుక కొరికిందట.